ఉరి అంటే మాదా, మనదా

మా అమ్మాయి ఈమధ్య నన్ను కొరియా భాషలో "ఒమ్మా" అని పిలుస్తోంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చదివే పుస్తకాలకన్నా చూసే కొరియా సీరియళ్ళు ఎక్కువ. అనంతపురంలో మా వీధి మలుపులో ఉన్న సూపర్ మార్కెట్ నుంచి ఎర్రగా కారం పట్టించిన క్యాబేజీ సీసా తెచ్చి, ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి డబ్బా పక్కన పెట్టి, "కిమ్చీ అమ్మా, రుచి చూడు, భయపడకు" అంటుంది. భయపడకట! నాకు ఒళ్ళు మండిపోతుంది. నేనేదైనా కొరియా మాట అంటే, "అలా కాదమ్మా, గొంతులోంచి అనాలి" అని నన్నే దిద్దుతుంది. దీని ఈడు పిల్లలందరికీ ఇప్పుడు కొరియా ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. వాళ్ళు ఆ పాటలు పాడుతుంటే, ఎవరో నా బీరువా తీసి నా చీరలు కట్టుకుని తిరుగుతున్నట్టు ఉంటుంది నాకు. కుళ్ళు అంటే కుళ్ళే. దానికి ఇంకో మంచి పేరు పెట్టను.

ఆ కుళ్ళులో నేనుండగానే సుజిన్ ఫోన్ చేసింది. భర్త ఇక్కడికి దగ్గరలోని కార్ల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగానికి వచ్చాడట, వచ్చి చాలాకాలమే అయిందట, నేను ఇంత దగ్గరలో ఉన్నానని ఇప్పుడే తెలిసిందట. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తానంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడిపోయాను. సుజిన్ అంటే నా పదహారో ఏట ఖతర్ రాజధాని దోహాలో నేను ఎవరింట్లో ఉండి చదువుకున్నానో ఆ ఇంటి పిల్ల. నా జీవితంలో నేను ఎవరిని చూసీ పడనంత అసూయ ఆ పిల్లని చూసి పడ్డాను. అందంగా ఉంటుందని కాదు, డబ్బున్నదనీ కాదు. వాళ్ళమ్మ ఆ పిల్లని తిడుతుందని.

అసలు నేను వాళ్ళింటికి ఎందుకు చేరానో చెప్పాలి. నాన్న అక్కడ ఒక నిర్మాణ కంపెనీలో ఇంజనీరు. కంపెనీ ఉన్నట్టుండి ఆయన్ని ఉత్తరాన ఎడారిలో ఉన్న సైట్‌కి మార్చింది. అక్కడ క్యాంపులే తప్ప కుటుంబాలకి చోటు లేదు. దోహాలో మాకిచ్చిన ఫ్లాట్ ఖాళీ చెయ్యమన్నారు. అమ్మ తమ్ముడిని తీసుకుని కాకినాడ వెళ్ళిపోయింది. నాది పన్నెండో తరగతి, మధ్యలో బడి మారిస్తే చదువు చెడుతుందని పెద్దవాళ్ళు తలపట్టుకున్నారు. అప్పుడు నాన్నతో పనిచేసే పాక్ గారనే కొరియా ఇంజనీరు, "మా అమ్మాయి కూడా ఆ ఈడుదే, పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉంచండి" అన్నాడట. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. నేను ఒక పెట్టె, ఒక కారప్పొడి సీసా పట్టుకుని ఉమ్ ఘువైలినాలో వాళ్ళ ఫ్లాట్ మెట్లెక్కాను.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తలుపు తియ్యగానే చెప్పులు విప్పే చోట తోలు వాసన, రెండడుగులు వేస్తే ఉడికే సోయా ముద్ద వాసన. మొదట్లో అది నాకు తడిసిన గోనెసంచి వాసనలా ఉండేది, తర్వాత అదే నాకు ఆకలి పుట్టించేది. పొద్దున్నే సుజిన్ వాళ్ళమ్మ నల్లటి సముద్రపు నాచు రేకులకి నూనె రాసి, ఉప్పు చల్లి, పొయ్యి మీద ఇటూ అటూ తిప్పి కాల్చేది. ఆ చిటపటకే నాకు మెలకువ వచ్చేది. బాల్కనీలో ఇంకో ఫ్రిజ్ ఉండేది. దాని నిండా పచ్చళ్ళు, వేయించిన బార్లీ గింజలు మరిగించి చల్లార్చిన గోధుమరంగు నీళ్ళ సీసాలు. మంచినీళ్ళకి బదులు వాళ్ళు అవే తాగేవాళ్ళు. కింద వీధిలో మలయాళీల టీ కొట్టు, పక్కన మంగలి షాపు, కిటికీ తీస్తే వేడిగాలి, మసీదులోంచి బాంగు. కిటికీ వేస్తే మళ్ళీ కొరియా. పాక్ గారు చెంచా ఎత్తేదాకా బల్ల దగ్గర ఎవరూ ముద్ద ముట్టరు. ఆయన తక్కువ మాట్లాడేవాడు. ఎప్పుడైనా నన్ను చూసి "చదువు, చదువు" అని ఇంగ్లిషులో అనేవాడు, అంతే.

ఇంటి పెద్ద అంటే సుజిన్ వాళ్ళమ్మే. పొట్టిగా, గుండ్రంగా, రింగుల జుట్టుతో ఉండేది. ఇంగ్లిషు రాదు. నా పేరు లలిత. ఆవిడ నోట్లో అది "రరితా" అయ్యేది. సుజిన్ ఆవిడని ఒమ్మా అనేది. మన అమ్మకి అంత దగ్గరగా ఉన్న మాట కాబట్టి నాకూ అదే అలవాటైంది, ఆవిడా పలికేది. ఆ ఒమ్మ నన్ను ఎంత బాగా చూసుకునేదంటే, చెప్తే నమ్మరు. మేం గొడ్డుమాంసం తినమని నాన్న చెప్పాడని నా కోసం వేరే బాణలి కొని, పిడికి ఎర్రదారం కట్టి, దాంట్లో వేరే ఏదీ వండనిచ్చేది కాదు. నాకు చాప్‌స్టిక్స్ కష్టమని ఫోర్కు తెప్పించింది. బల్ల మీద పెద్ద చేప ఉంటే బుగ్గ దగ్గరి మెత్తటి ముక్క నా పళ్ళెంలోకే. నేను గిన్నె పగలగొడితే "గ్వెన్‌చనా". ఒకసారి తెలియక అన్నంలో చెంచా నిలువుగా గుచ్చి పెట్టాను. వాళ్ళలో అది చచ్చిపోయినవాళ్ళకి పెట్టే అన్నమట. అందరి మొహాలూ పాలిపోయాయి. ఒమ్మ మాత్రం నెమ్మదిగా ఆ చెంచా తీసి పక్కన పెట్టి, నవ్వి, "గ్వెన్‌చనా, రరితా" అంది. గ్వెన్‌చనా అంటే పర్లేదు. ఆ మాటంటే నాకు అసహ్యం పుట్టింది. పర్లేదని మనం ఎవరితో అంటాం? కాఫీ ఒలకబోసిన చుట్టాలతో అంటాం. కన్నపిల్ల ఒలకబోస్తే అనం.

సుజిన్‌తో ఆవిడ ఎప్పుడూ పర్లేదనలేదు. సుజిన్ ఫ్రిజ్ తలుపు వెయ్యకపోతే వీపు మీద చరుపు. జుట్టు ఆరబెట్టుకోకుండా ఏసీ ముందు కూర్చుంటే చరుపు, గదిలో తడి తువ్వాలు కనిపిస్తే చరుపు, దాంతోపాటు దడదడలాడే తిట్లు. వంటింట్లో మొదలై హాలు దాటి స్నానాలగది తలుపుదాకా వెంబడించేవి ఆ తిట్లు. సుజిన్ మూతి ముడుచుకుని "ఒమ్మా!" అని కాళ్ళు నేలకి కొట్టేది. పది నిమిషాల తర్వాత చూస్తే తల్లి ఒళ్ళో తల పెట్టుకుని టీవీ చూస్తూ ఉండేది, ఆవిడ దాని చెవిలో గులిమి తీస్తూ ఉండేది. నేను పక్కనే సోఫాలో బుద్ధిగా కూర్చుని, నా కోసం చెక్కు తీసి కోసిన ఆపిల్ ముక్కలు ఫోర్కుతో తింటూ ఉండేదాన్ని. నా వీపు దురదపెట్టేది. నిజంగా చెప్తున్నాను, ఒక్క చరుపు కోసం నా వీపు దురదపెట్టేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు "ఉరి" అనే మాట పట్టుకుంది. కొరియా వాళ్ళు నా ఇల్లు, నా అమ్మ అనరు. ఉరి ఇల్లు, ఉరి ఒమ్మ అంటారు. ఒక్కతే కూతురైనా సరే ఉరి ఒమ్మే. సుజిన్ ఇంగ్లిషులో నాకు అర్థం చెప్పింది, "అవర్" అని. వేరే ఊరి పిల్లయితే అంతటితో ఊరుకునేది. నేను తెలుగుపిల్లని, నాకు అక్కడే అసలు పేచీ మొదలైంది. "అందులో వినేవాళ్ళు కూడా ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాను. దానికి అర్థం కాలేదు. "మా భాషలో రెండు మాటలున్నాయి. మా అమ్మ అంటే నువ్వు లేవు. మన అమ్మ అంటే నువ్వూ ఉన్నావు. నువ్వు నాతో 'ఉరి ఒమ్మ' అన్నప్పుడు ఏది?" అన్నాను. "ఉరి అంటే ఉరి" అంది సుజిన్. అంత లోభం ఎక్కడైనా ఉందా? మేమిద్దరం ఒక గదిలో, నేల మీద పక్కపక్కనే పరుపులు వేసుకుని పడుకునేవాళ్ళం. అది రోజుకి ఎన్నోసార్లు ఉరి ఒమ్మ, ఉరి ఇల్లు, ఉరి బల్ల అనేది. అన్నప్పుడల్లా నేను లోపలున్నానా బయటున్నానా అని తేల్చుకోలేక చచ్చేదాన్ని.

శుక్రవారాలు నాన్న సైట్ నుంచి వచ్చి, నన్ను ఫోన్ బూత్‌కి తీసుకెళ్ళి, కాకినాడలో మా పక్కింటి లాయరుగారింటికి ఫోన్ కలిపేవాడు. అమ్మ అప్పటికే అక్కడ కూర్చుని ఉండేది. ఒకసారి నేను మాటల ధోరణిలో, "ఉరి ఒమ్మ నిన్న నాకు కొత్త పరుపు కుట్టింది" అన్నాను. అటువైపు అమ్మ కెవ్వుమంది.

"ఏవన్నావే? ఉరా?"

"ఉరి అంటే వాళ్ళ భాషలో..."

"శుక్రవారం పూట ఉరీ గిరీ ఏవిటే అప్రాచ్యపు మాటలు! మీ నాన్నకివ్వు ఫోను. పిల్లకి ఏవయ్యిందండీ అక్కడ?"

నాన్న పడీపడీ నవ్వి, విషయం విడమర్చి చెప్పాడు. అమ్మ నవ్వలేదు. "అయితే అమ్మని కూడా సంపాదించుకుందన్నమాట" అంది. ఆ తర్వాత ప్రతివారం మొదటి ప్రశ్న అదే. "మీ ఉరమ్మ ఏం వండింది?" నేను ఫలానా అని చెప్తే, "అంతకన్నా నేను బాగా చేస్తాను" అనేది, ఆ వంట పేరు కూడా అంతకుముందు వినకుండానే. ఇక్కడ నేను సుజిన్‌ని చూసి ఏడవడం, అక్కడ మా అమ్మ ఒమ్మని తలుచుకుని ఏడవడం. నాన్నకి మాత్రం ఫోన్ కార్డు అయిపోతోందని ఏడుపు.

సుజిన్ బడి వేరు. నన్ను మా బడికి తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవర్ మల్లన్న. జగిత్యాల దగ్గర పల్లె. వాళ్ళూళ్ళో అందరూ ఆయన దుబాయ్‌లో ఉన్నాడనుకుంటారట, ఖతర్ అంటే అదెక్కడ అంటారట. "కొరియోళ్ళింట్ల ఏం పెడ్తున్రు బిడ్డా? పాములు గీములు పెడ్తలేరు గద?" అని రోజూ అడిగేవాడు. ఒక రోజు మధ్యాహ్నం బిల్డింగ్ ముందు వ్యాన్ ఆపి, "మీ ఇల్లొచ్చింది, యల్లా, దిగు" అన్నాడు. "మా ఇల్లు కాదు" అన్నాను. "గదేంది? తినుడు ఈడనే, పండుడు ఈడనే, మరి మీ ఇల్లు గాకపోతె ఇంకెవలది?" అన్నాడు. ఆ మాట పట్టుకుని మెట్లెక్కాను. అవును కదా, ఇంకెవరిది?

దానికి జవాబు చలికాలంలో దొరికింది. ఏడాదికి సరిపడా కిమ్చీ పెట్టుకునే రోజులవి, మనం వేసవిలో ఆవకాయ పెట్టుకున్నట్టు. పాక్ గారి కారులో ఒమ్మ, సుజిన్, నేను ఉమ్ సలాల్‌లో ఒక తోటకి వెళ్ళి, మట్టి వాసన వదలని క్యాబేజీలు, తెల్లముల్లంగి డిక్కీ నిండా తెచ్చాం. మర్నాడు ఊళ్ళో ఉన్న కొరియా ఆడవాళ్ళు కొందరు సాయానికి వచ్చారు. స్నానాలగది తొట్టిలో క్యాబేజీలు నిలువునా చీల్చి ఉప్పు నీళ్ళలో నానబెట్టారు. హాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచి, మోచేతులదాకా ఎర్ర రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, కారం, వెల్లుల్లి, అల్లం, చేపల ఊట కలిపిన ముద్దని ఆకు ఆకుకీ పట్టిస్తూ కూర్చున్నారు. నాకు అక్కడ కాకినాడ మేడ మీద మా మేనత్తలు కనిపించారు. నేనూ గ్లౌజులు అడిగాను. "నువ్వొద్దు, చేతులు మండుతాయి" అన్నట్టు ఒమ్మ సైగ చేసింది. ఆంధ్రా పిల్లకి కారం మండుతుందట! సుజిన్ మాత్రం విసుక్కుంటూ, తిట్లు తింటూ, తల్లి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని పట్టిస్తోంది. మధ్యలో ఒమ్మ ఒక లేత ఆకు తుంచి, దాంట్లో కారం ముద్ద పెట్టి చుట్టి, "ఆ" అని, సుజిన్ నోట్లో వేళ్ళతో కూరింది. మనవాళ్ళు అన్నం కలిపి నోట్లో పెట్టినట్టే. నేను ఎదురుగా ఉన్నాను. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఒమ్మ నన్ను చూసి చిరునవ్వు నవ్వి, లేచి వెళ్ళి గ్లౌజులు విప్పి, చేతులు కడుక్కుని, ఒక చిన్న పళ్ళెంలో అలాంటిదే ఒకటి చక్కగా చుట్టి, ఫోర్కు పెట్టి తెచ్చి ఇచ్చింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ నన్ను చూపించి ఎవరని అడిగింది. "సొన్నిమ్" అంది ఒమ్మ. ఆ మాట నాకు తెలుసు. అతిథి. స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, తొట్టి నిండా ఉన్న క్యాబేజీల ముందు కూర్చుని ఏడ్చాను. ఇంకో చెంచా ఉప్పు పడిందనుకోండి వాటిలో.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మల్లన్న వ్యాన్ అల్ రయ్యాన్ రోడ్డు మీద మొరాయించింది. మిగతా పిల్లలని వాళ్ళ నాన్నలు వచ్చి తీసుకెళ్ళారు. నేనూ మల్లన్నా మిగిలాం. మొబైల్ ఫోన్లు లేని రోజులు. బండి బాగై మేం ఉమ్ ఘువైలినా చేరేసరికి మగ్రిబ్ బాంగు అయిపోయి, వీధి దీపాలు వెలిగాయి. ఒమ్మ రోడ్డు మీద నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులతో, వంట ఏప్రన్‌తో. నేను దిగీ దిగగానే వచ్చి వీపు మీద ఫెడీమని చరిచింది. ఇంకోటి. తర్వాత తిట్లు మొదలయ్యాయి. మల్లన్న కంగారుగా దిగి, "మేడమ్, గాడీ ఖరాబ్! పెట్రోల్ నై, ఇంజన్ ఖరాబ్! పోరి తప్పు మాఫీ, తప్పు లేదు!" అని తనకొచ్చిన భాషలన్నీ కలిపి మొత్తుకున్నాడు. ఒమ్మ వినలేదు. ఆ తిట్లన్నీ నాకు ముందే వచ్చు, సుజిన్‌ని తిట్టేటప్పుడు ఒక్కొక్కటీ వినీ వినీ కంఠతా పట్టాను. ఒక్కటి కూడా తగ్గించకుండా అన్నీ నాకు పెట్టింది. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. మల్లన్నకి నా మతి చలించిందనిపించి ఉంటుంది. తలెత్తి చూస్తే బాల్కనీలో సుజిన్ ఉంది. నేను చెయ్యి ఊపాను. అది లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా ఫోర్కు లేదు. చాప్‌స్టిక్స్ పెట్టి ఉన్నాయి. నేను చెంచాతో అన్నం ఎత్తగానే ఒమ్మ తన చాప్‌స్టిక్స్‌తో చేపముక్క తీసి, ముల్లు ఏరి, నా చెంచాలో అన్నం మీద పెట్టింది, సుజిన్‌కి ఎప్పుడూ పెట్టినట్టే. సుజిన్ తన చెంచా బల్ల మీద పెట్టి లేచిపోయింది. చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. దానికి పరీక్షల బెంగ కాబోలనుకున్నాను. నా సంతోషంలో నాకు ఇంకేం కనిపిస్తుంది? అయినా ఆ సంతోషమూ నిలవలేదు. ఎవరైనా వస్తే ఒమ్మ మళ్ళీ నన్ను ఏమని చెప్తుందో అని భయపడి, కాలింగ్ బెల్ మోగగానే గదిలోకి పోయేదాన్ని. పరీక్షలయ్యాయి. విమానాశ్రయంలో ఒమ్మ నా మొహం రెండు చేతుల్లో పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పింది. సుజిన్ పక్కనే ఉండి కూడా నాకు ఇంగ్లిషులో చెప్పలేదు. వాళ్ళు వేరే దేశానికి మారారు, ఉత్తరాలు సన్నగిల్లాయి, ఆగిపోయాయి. ఇప్పటి పిల్లలు ఎక్కడో ఉన్న మనిషి నిన్న ఏం తిన్నదో కూడా చూడగలరు. నా దగ్గర ఆ ఒమ్మ ఫోటో ఒకటైనా లేదు.

ఆదివారం సుజిన్ వచ్చింది. సన్నని పిల్ల కాస్తా వాళ్ళమ్మలాగే గుండ్రంగా తయారైంది. మా అమ్మాయి వారంరోజులుగా అద్దం ముందు సాధన చేసిన కొరియా పలకరింపుతో నడుం వంచి నిలబడింది. సుజిన్ దాని గడ్డం పట్టుకుని, "బాగుండావా పాపా? ఏం సదువుతాండావ్?" అంది. వాళ్ళింట్లో వంటచేసే ఓబులమ్మ నేర్పిందట. మా అమ్మాయి మొహం చూడాలి! నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అది అలిగి తన గదిలోకి పోయింది. మేమిద్దరం వంటింట్లోనే కూర్చుని, పప్పూ అన్నం కలుపుకుని తిన్నాం. సగం ఇంగ్లిషు, సగం ఓబులమ్మ తెలుగు. చాలాసేపు నేను అడగలేకపోయిన మాట చివరికి అడిగాను, ఒమ్మ ఎలా ఉందని.

"మాయమ్మ పోయింది. పోయిన సలికాలంలో" అంది సుజిన్.

దుఃఖం వచ్చింది, రాలేదని కాదు. కానీ దానికన్నా ముందు ఆ "మా" వచ్చి గుచ్చుకుంది. ఇన్నేళ్ళకి, నా భాషలో, నా వంటింట్లో! క్లాసులో పిల్లలకి చెప్పే టీచరు గొంతు పెట్టి, "సుజిన్, నాతో చెప్పేటప్పుడు అలా అనకూడదు. మన అమ్మ అనాలి" అన్నాను.

"నాకు తెలుసులే. ఓబులమ్మ సెప్పింది. మన అంటే నువ్వూ నేనూ. మా అంటే నువ్వు లేవు."

"మరి?"

"మాయమ్మే" అంది. ఆపైన ఇంగ్లిషులోకి మారింది, కోపానికి ఆ తెలుగు సరిపోలేదు కాబోలు. "మంచి ముక్క నీకు. కొత్త బాణలి నీకు. ఆపిల్ నీకు. నాకు తిట్లొక్కటే మిగిలాయి. పోనీ అవైనా నావే అనుకున్నాను. ఆ సాయంత్రం బాల్కనీలోంచి చూస్తుండగానే అవి కూడా నీకు పెట్టేసింది. ఎయిర్‌పోర్టులో అమ్మ నీతో చెప్పినవన్నీ నేను ఎందుకు చెప్పలేదో తెలుసా? అలాంటివి నాతో ఒక్కటీ అనలేదు గనక. ఇప్పుడు పోయాక కూడా వాటా అడుగుతున్నావా?"

దాని కళ్ళలో నీళ్ళు, మూతి ముడుచుకునే ఉంది. పరాయిదానితో ఎవరైనా ఇంత కోపంగా వాటాకి పోట్లాడతారా? చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ అమ్మకి చెరోవైపు చేరి, కొంగు చెరోపక్కా లాగుతూ, "మా అమ్మ" అంటే "కాదు, మా అమ్మ" అని జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇద్దరిలో ఒక్కరం కూడా "మన" అన్న పాపాన పోలేదు.

"మాయమ్మ" అంది సుజిన్ మళ్ళీ, మొండిగా.

"కాదు, మా అమ్మ" అన్నాను.